ఆవిరి మిషన్ ఏది కొనాలి? ముందు మీ కుళాయి నీళ్లు చూసుకోండి

మెడికల్ షాపులో "ఆవిరి పట్టే మిషన్ ఇవ్వండి" అని అడిగితే కౌంటర్ మీదికి రెండు మూడు డబ్బాలు వస్తాయి. అట్టపెట్టెల మీద బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి: ముక్కుకు పెట్టుకునే గొట్టం, మొహానికి మాస్కు, పక్కన నవ్వుతున్న అమ్మాయి. ఒకటి మూడొందలు, ఇంకొకటి వెయ్యి. అంత తేడా ఎందుకని అడిగితే "అది కంపెనీది సార్" అనే జవాబు వస్తుంది. అసలు తేడా కంపెనీది కాదు. ఆ డబ్బాల్లో ఉన్నవి నీళ్లను రెండు వేర్వేరు పద్ధతుల్లో మరిగించే రెండు వేర్వేరు మిషన్లు. ఏది మీ ఇంట్లో సరిగ్గా పనిచేస్తుందో చాలావరకు మీరు పోసే నీళ్లే తేలుస్తాయి.

ఒక మాట ముందే అనుకుందాం. ఆవిరి జలుబును నయం చేయదు. వేడి తేమ గాలి జలుబుకు పనిచేస్తుందా అని పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) సమీక్షలో స్పష్టమైన లాభమేమీ తేలలేదు. కరోనా వైరస్‌ను ఆవిరి చంపుతుందన్న ప్రచారానికీ ఆధారం లేదు. ముక్కు బిగుసుకుపోయినప్పుడు కాసేపు హాయిగా అనిపిస్తుంది, కఫం కొంచెం వదులవుతుంది. ఆ హాయి కోసమే ఈ కొనుగోలు. కాబట్టి ఖరీదు కన్నా కాలిన గాయం కాకుండా చూసుకోవడమే ఇక్కడ మొదటి లెక్క.

మూత తీసి చూస్తే తెలిసిపోతుంది

షాపులోనే డబ్బా విప్పించి, మిషన్ మూత తీసి లోపలికి చూడండి. నీళ్లలో మునిగేలా, మధ్యలో కొద్దిపాటి ఖాళీతో ఎదురెదురుగా రెండు లోహపు రేకులో పుల్లలో ఉంటే అది ఎలక్ట్రోడ్ రకం. మనం దీన్ని రేకుల రకం అందాం. చౌకవాటిలో ఎక్కువ ఇదే. రెండు పిన్నుల ప్లగ్గు ఉండటం, పెట్టె మీద "ఆవిరి తక్కువగా వస్తే చిటికెడు ఉప్పు వేయండి" అని రాసి ఉండటం దీని గుర్తులు. అలా కాకుండా అడుగున నున్నటి లోహపు గిన్నె గానీ బిళ్ల గానీ కనిపిస్తే అది హీటర్ రకం.

హీటర్ రకం పని ఇస్త్రీపెట్టెకో ఎలక్ట్రిక్ కెటిల్‌కో దగ్గర. కరెంటు హీటర్ తీగలో పారుతుంది, తీగ పళ్లేన్ని వేడి చేస్తుంది, పళ్లెం నీళ్లను మరిగిస్తుంది. నీటికీ కరెంటుకూ సంబంధం లేదు.

రేకుల రకంలో హీటరే లేదు. నీళ్లే హీటర్. ఒక రేకుకు ఫేజు, రెండో దానికి న్యూట్రల్. మధ్యలో ఉన్న నీళ్లలోంచి కరెంటు పారి ఆ నీళ్లే వేడెక్కుతాయి. ఇందులో ఒక తెలివి ఉంది. నీళ్లు అయిపోతే దారి తెగినట్టే, కరెంటు దానంతటదే ఆగిపోతుంది. నీళ్లు లేకుండా మాడిపోయే సమస్య దీనికి రాదు. రేకుల మధ్య ఉన్న కొద్ది నీళ్లే ముందు మరుగుతాయి కాబట్టి ఆవిరి త్వరగా మొదలవుతుంది. ఇందులోనే రెండు చిక్కులూ ఉన్నాయి. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ నీళ్లలో కరెంటు ఉంటుంది, మూత తీసి వేలు పెట్టకూడదు. ఇక ఎంత ఆవిరి వస్తుందన్నది నీళ్లలో ఎంత ఉప్పు శాతం ఉందన్నదాని మీద పోతుంది.

నీళ్ల లెక్క

నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఫిల్టర్ మార్చడానికి వచ్చే ఆర్వో మెకానిక్ జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. ఒక గ్లాసు కుళాయి నీళ్లు, ఒక గ్లాసు ఆర్వో నీళ్లు పెట్టి రెండూ చూడమనండి. నిమిషం పని.

ఆర్వో నీళ్లలో టీడీఎస్ చాలాసార్లు 100 లోపే ఉంటుంది. ఈ నీళ్లు రేకుల మిషన్‌లో పోస్తే పది నిమిషాలైనా గొట్టంలోంచి ఆవిరి రాదు. "మిషన్ పాడైంది" అని షాపుకు తిరిగొచ్చే వాటిలో చాలా వాటికి జబ్బేమీ ఉండదు, నీళ్లలో సత్తువ లేకపోవడమే. అప్పుడే జనం పెట్టె మీది సలహా గుర్తుతెచ్చుకుని చిటికెడు ఉప్పు వేస్తారు, ఈసారి అది పొంగి గొట్టంలోంచి మరిగే నీళ్లు చిమ్ముతుంది.

కారణం చిన్న కూడిక. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు ఉప్పు దాదాపు మూడో వంతు గ్రాము. చేతిలో పట్టే ఈ మిషన్లలో పట్టేవి 150 మిల్లీలీటర్లు. అంటే లీటరుకు రెండు గ్రాములకు పైన, టీడీఎస్ ఒక్కసారిగా 2000 దాటేసింది. కరెంటు అదే పాళ్లలో పెరుగుతుంది. మూడొందల వాట్లు తీసుకోవాల్సిన మిషన్ అంతకు చాలా రెట్లు లాగుతుంది. ఇంకో చిటికెడు వేస్తే ఎంసీబీ పడిపోవచ్చు, ప్లగ్గు పిన్నులు వేడెక్కి సాకెట్టు కరగొచ్చు.

సరైన పద్ధతి ఇది. లీటరు సీసాలో ఆర్వో నీళ్లు నింపి, అదే ఒక్క చిటికెడు ఉప్పు అందులో వేసి బాగా కలపండి. సీసా మీద "ఆవిరికి" అని రాసి పక్కన పెట్టుకోండి. లీటరుకు మూడో వంతు గ్రాము అంటే మామూలు మునిసిపల్ నీళ్ల పాటి. మిషన్‌లో ఎప్పుడూ ఆ సీసాలోవే పోయండి. ఉప్పు వద్దనుకుంటే సగం ఆర్వో, సగం కుళాయి నీళ్లు కలిపినా సరిపోతుంది. ఇంకో సంగతి: ఆవిరిగా పోయేది నీరే, ఉప్పు గిన్నెలోనే మిగులుతుంది. నిన్న మిగిలిన నీళ్ల మీద ఇవాళ కొత్తవి పోస్తూ పోతే నాలుగో రోజుకు ఉప్పునీళ్లే. అందుకే ప్రతిసారీ పారబోసి కొత్తవి పోయాలి.

బోరు నీళ్లతో కథ తిరగబడుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు రాని రోజు బోరో ట్యాంకరో దిక్కు. ఆ నీళ్ల టీడీఎస్ వెయ్యి దాటడం వింతేమీ కాదు. రేకుల మిషన్‌లో ఇవి ఉప్పేసినట్టే ఉగ్రంగా మరుగుతాయి. పైగా రేకులకు తెల్లటి సున్నం పేరుకుంటుంది. కాబట్టి నిన్న మంజీరా నీళ్లతో బాగా నడిచిన మిషన్ ఇవాళ ట్యాంకరు నీళ్లతో చిమ్మితే ఆశ్చర్యపోకండి.

హీటర్ రకానికి ఈ గొడవే లేదు. ఆర్వో నీళ్లయితే దానికి పండగ: మరుగుడులో తేడా రాదు, సున్నం పట్టదు. బోరు నీళ్లు పోస్తే మాత్రం పళ్లెం మీద పెంకు కట్టి, వేడి నీళ్లలోకి వెళ్లక పళ్లెంలోనే నిలిచి, థర్మోస్టాట్ మధ్యమధ్య కట్ చేస్తూ ఉంటుంది.

అందుకని సలహా సూటిగా చెప్పాలంటే, ఇంట్లో ఆర్వో ఉంటే మూడొందలకు ఆశపడకుండా హీటర్ రకం తీసుకోండి. మునిసిపల్ నీళ్లు మాత్రమే వాడే ఇంట్లో, ఏడాదికి నాలుగైదుసార్లు పట్టే పెద్దవాళ్లకు రేకుల రకం సరిపోతుంది. బోరు నీళ్లు తప్ప వేరే లేని ఇంట్లో కూడా హీటర్ రకమే మేలు, నెలకోసారి నిమ్మ ఉప్పుతో కడగడానికి ఒప్పుకుంటే.

ఎంత ఆవిరి, ఎంత సేపు

పెట్టె మీద వాట్లు చూసి మురిసిపోనక్కర్లేదు. 300 వాట్ల హీటరు 30 డిగ్రీల నీళ్లను 100 మిల్లీలీటర్లు మరిగించడానికి లెక్క ప్రకారం నిమిషం నలభై సెకన్లు, గిన్నె వేడెక్కడం, గాలికి పోయే వేడి కలుపుకుంటే రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది. మరగడం మొదలయ్యాక నిమిషానికి 8 మిల్లీలీటర్ల దాకా ఆవిరవుతుంది. పది నిమిషాలకు 80. ఒక మనిషికి ఒక పూటకు అది చాలు. 500 వాట్ల మిషన్ కొంటే ఆవిరి ఎక్కువ వస్తుంది, మొహం ఇంకో జానెడు వెనక్కి పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే. కరెంటు ఖర్చు పట్టించుకోనక్కర్లేదు. పది నిమిషాలకు యూనిట్‌లో ఇరవయ్యో వంతు.

కొనేటప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి. అడుగు వెడల్పుగా ఉందా, వైరు లాగితే ఒరిగిపోతుందా చూడండి. పొడుగ్గా సన్నగా ఉండే అందమైన మోడళ్లు బొమ్మల్లోనే బాగుంటాయి. మూత తిప్పితే బిగుసుకునేదై ఉండాలి, ఊరికే మీద కూర్చునేది కాదు. హీటర్ రకమైతే మూడు పిన్నుల ప్లగ్గు, నీళ్లు అయిపోతే ఆగే ఆటో కట్, నొక్కే స్విచ్ ఉండాలి. ప్లగ్గు పీకడమే స్విచ్ అయిన మిషన్‌తో తడి చేతుల ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వైరు కనీసం మీటరున్నర ఉండాలి. పొట్టి వైరు ఉంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు మంచం మీదికి వస్తుంది, దాని పక్కనే నీళ్ల మిషన్. ఇళ్లలో వాడే కరెంటు వస్తువుల భద్రతకు ఐఎస్ 302 ప్రమాణం ఉంది. పెట్టె మీద ఆ అంకె, ఐఎస్ఐ గుర్తు ఉంటే మంచిదే.

ఇవి ఆవిరి మిషన్లు కావు

హ్యూమిడిఫయర్‌లోంచి వచ్చే తెల్లటి పొగ ఆవిరి కాదు, చల్లటి నీటి తుంపర. అడుగునున్న చిన్న బిళ్ల సెకనుకు పదహారు పదిహేడు లక్షలసార్లు అదిరి నీళ్లను ధూళిలా చేస్తుంది. మరగదు కాబట్టి కాలదు, 20, 30 వాట్లు చాలు. కానీ నీళ్లలో ఉన్నవన్నీ, సున్నమూ సూక్ష్మజీవులూ, గాలిలోకి వస్తాయి. బోరు నీళ్లు పోస్తే టీవీ మీద తెల్లటి దుమ్ము పడేది అందుకే. ఇది గది గాలి పొడిగా ఉన్నచోట పనికొచ్చే వస్తువు. డిసెంబరులో హీటింగు నడిచే చికాగో ఇంటికి అర్థముంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో గాలిలోనే కావలసినంత తేమ ఉంటే డబ్బులిచ్చి ఇంకొంచెం కొనుక్కోవడం దేనికి? గదిలో తేమ 50 శాతం దాటకుండా ఉండటం మంచిదంటారు, దాటితే గోడలకు బూజు. హ్యూమిడిఫయర్ నీళ్లలో డెట్టాలో మరేదో క్రిమిసంహారకమో కలపొద్దు. దక్షిణ కొరియాలో హ్యూమిడిఫయర్ నీళ్లలో కలిపే క్రిమిసంహారకాల వల్లే ఎంతోమంది ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 2011లో బయటపడింది. తాగితే ఏమీ కాని మోతాదు కూడా పీల్చితే వేరు.

నెబ్యులైజర్ సంగతి మరీ వేరు. అది డాక్టరు రాసిన మందును ఊపిరితిత్తుల లోపలికి పంపే పరికరం, ఉబ్బసానికి వాడేది. అందులో మంచినీళ్లు, బామ్, నీలగిరి తైలం పోయకూడదు. ఆయాసం, పిల్లికూతలు ఉన్న మనిషికి ఆవిరి మిషన్ కొనిచ్చి ఊరుకోవడం కూడా తప్పే.

ఇక గిన్నె, దుప్పటి. వావిలాకో జామాయిల్ ఆకో వేసి మరిగించిన నీళ్లు, మీద ముసుగు. వాసన దీనిదే బాగుంటుంది, ఖర్చు లేదు. కాకపోతే రెండు లీటర్ల మరిగే నీళ్లు ఒడి దగ్గర పెట్టుకోవడం ఇందులో ఉంది. మిషన్‌లో 150 మిల్లీలీటర్లు ఒలికితే చేయి బొబ్బలెక్కుతుంది, గిన్నె ఒరిగితే తొడలు, పొట్ట కాలతాయి. గిన్నెనే ఇష్టపడేవాళ్లు దాన్ని మంచం మీదో ఒళ్లోనో కాకుండా బల్ల మీద, ఆ బల్లకు గోడ ఆసరాగా పెట్టుకోండి. స్టవ్ ఆపి, గిన్నె బల్ల మీదికి దించి రెండు మూడు నిమిషాలు ఆగాకే ముసుగు.

వాడేటప్పుడు

నీళ్లు గరిష్ఠ గీత దాటనివ్వకండి. దాటితే మరుగు నీళ్లు గొట్టంలోకి ఎక్కి చిమ్ముతాయి, రెండు రకాల్లోనూ. మూత బిగించాక ప్లగ్గు, ప్లగ్గు తీశాక మూత. ఈ వరుస తప్పొద్దు. మొదటి ఆవిరితో పాటు గొట్టంలో ఆవిరి తిరిగి నీరైన వేడి చుక్కలు ఒకటి రెండు వస్తాయి, కాబట్టి ఆవిరి నిలకడగా వచ్చేదాకా మొహం పెట్టకండి. గొట్టానికీ మొహానికీ మధ్య కనీసం జానెడు, మాస్కు తగిలించిన మోడల్‌లో అయినా మొదట దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. మరిగే నీళ్ల కన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది, ఎందుకంటే అది చర్మం మీద నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడంతా అక్కడే వదిలేస్తుంది.

కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి కుళాయి నీళ్లు పోయండి. ఐస్, టూత్‌పేస్ట్, సిరా ఏవీ వద్దు.

చంటిపిల్లలకు మిషన్ ఆవిరి పట్టొద్దు. సెలైన్ ముక్కు చుక్కలు చాలు, మిగతాది పిల్లల డాక్టరు చెబుతారు. కొంచెం పెద్ద పిల్లలకు పట్టాల్సి వచ్చినా మిషన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కాదు.

బామ్ నీళ్లలో వేయకండి. ఈ ఒక్క అలవాటు చంపినన్ని మిషన్లను సున్నం కూడా చంపదు. బామ్‌లో వాసన కన్నా జిడ్డు ఎక్కువ. ఆ జిడ్డు రేకులకో పళ్లేనికో పట్టి కరెంటునూ వేడినీ అడ్డుకుంటుంది, మిగిలింది గొట్టంలో పేరుకుంటుంది. నీలగిరి తైలం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పెళుసుగా చేసి సన్నటి పగుళ్లు తెప్పిస్తుంది. పసుపు రేకుల మధ్య ముద్దకడుతుంది. వాసన కావాలంటే కొన్ని మిషన్లకు ఆవిరి బయటకొచ్చే చోట చిన్న దొన్నెలాంటి గిన్నె ఉంటుంది, దూది మీద రెండు చుక్కల తైలం వేసి అందులో పెట్టండి. అది లేకపోతే చేతి రుమాలుకు రాసుకుని పక్కన పెట్టుకోండి. పసిపిల్లలున్న గదిలో కర్పూరం, మెంథాల్ వాసనలు అసలు వద్దు. కర్పూరం పిల్లల ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు, రెండేళ్లలోపు పిల్లలకు బామ్ వాడొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది.

కడగడం

ప్రతిసారీ ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, నీళ్లు పారబోసి, మూత తీసి బోర్లించాలి. నీళ్లు ఉంచి అల్మారాలో పెడితే తర్వాత తీసేసరికి జిగురు, వాసన. వైరు వచ్చే భాగాన్ని మాత్రం నీళ్లలో ముంచొద్దు.

తెల్లటి పొర కనిపిస్తే సున్నం పట్టిందని. నీళ్లు మరిగేటప్పుడు అందులో కరిగి ఉన్న బైకార్బొనేట్ కరగని కార్బొనేట్‌గా మారి ఇలా అంటుకుంటుంది. పులుపు తగిలితే బుడగలొచ్చి కరిగిపోతుంది. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కలిపి మిషన్‌లో పోసి అరగంట ఉంచండి. తెల్ల వెనిగర్ అయితే వెనిగరూ నీళ్లూ సమానంగా. పెంకు మందంగా ఉంటే రెండోసారి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. రేకుల మిషన్‌లో ఈ పులుసు ఉండగా ప్లగ్గు పెట్టొద్దు. నిమ్మ ఉప్పు నీళ్లలోనూ కరెంటు బాగా పారుతుంది, ఉప్పేసినట్టే పొంగుతుంది. హీటర్ రకంలో కూడా కరెంటుతో మరిగించకండి, గోరువెచ్చటి నీళ్లు బయట కాచి పోస్తే చాలు.

రేకుల మీద మొండి పెంకును చెక్క ఐస్‌క్రీమ్ పుల్లతో గీకొచ్చు. హీటర్ పళ్లేన్ని కత్తితో గోకితే మీదున్న పూత పోయి తుప్పు మొదలవుతుంది. హ్యూమిడిఫయర్ బిళ్లను అసలు గీకకూడదు, వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడవడమే.

ఆగిపోయిందా?

విప్పేముందు ప్లగ్గు తీసి ఉండాలి, మిషన్ లోపల నీళ్లు ఉండకూడదు. ఇది చెప్పాల్సిన మాటే, ఎందుకంటే ఆవిరి రాకపోతే చాలామంది చేసే మొదటి పని ప్లగ్గు ఉండగానే మూత ఎత్తి చూడటం.

రేకుల మిషన్‌లో ఆవిరి రాకపోతే మొదట నీళ్లు మార్చండి, పైన చెప్పిన సీసా నీళ్లతో. అప్పటికీ రాకపోతే రేకుల మీద పొర చూడండి. అదీ లేకపోతే వైరు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ప్లగ్గులోని ఒక పిన్ను నుంచి ఒక రేకుకు బీప్ రావాలి, రెండో పిన్ను నుంచి రెండో రేకుకు రావాలి. గిన్నె పొడిగా ఉన్నప్పుడు రెండు పిన్నుల మధ్య ఏమీ రాకూడదు, వస్తే లోపల ఎక్కడో కలిసిపోయిందని, ప్లగ్గు పెట్టొద్దు. నీళ్లు పోసి రెసిస్టెన్స్ కొలవాలని చూడకండి. మీటరు ఇచ్చే డీసీ కరెంటుకు నీళ్లలో రేకుల దగ్గర చార్జి పేరుకుని అంకె జారుతూనే ఉంటుంది, దానితో ఏమీ తేలదు.

రేకులు సన్నబడి అంచులు తినేసి ఉంటే అది అరుగుదల. దానికి విడి రేకులు సామాన్యంగా దొరకవు, మిషనే మార్చాలి. అమెరికాలో దొరికే పెద్ద ట్యాంకు వేపరైజర్లలో రేకుల బదులు కార్బన్ కడ్డీలుంటాయి. పద్ధతి ఒకటే, సున్నం తీసే పనీ ఒకటే.

హీటర్ రకంలో పరీక్ష వేరు. 230 వోల్టులకు 300 వాట్ల తీగ హీటరు అయితే, స్విచ్ ఆన్‌లో పెట్టి ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య కొలిస్తే దాదాపు 176 ఓమ్‌లు చూపాలి. 230ని 230తో గుణించి వాట్లతో భాగిస్తే మీ మిషన్ అంకె వస్తుంది. పీటీసీ బిళ్ల (వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే హీటరు బిళ్ల) ఉన్న మిషన్‌కు ఈ లెక్క కుదరదు. దానికి ఏదో ఒక అంకె వస్తే చాలు, ఓపెన్ (దారి తెగిందని మీటరు చూపడం) రాకూడదు. ఎర్త్ పిన్నుకూ మిగతా పిన్నులకూ మధ్య మాత్రం ఏ రకంలోనైనా ఏమీ రాకూడదు.

ఓపెన్ వస్తే అడుగు మరలు విప్పి వరుసగా చూడండి: వైరు, స్విచ్, థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజు, హీటరు. థర్మోస్టాట్ రూపాయి బిళ్లంత గుండ్రటి ముక్క, కేఎస్‌డీ 301 అని రాసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని రెండు కాళ్ల మధ్య బీప్ రావాలి. థర్మల్ ఫ్యూజు చిన్న లోహపు గొట్టం, తరచూ తెల్లటి స్లీవు లోపల దాక్కుని ఉంటుంది. నీళ్లు లేకుండా ఎక్కువసేపు వదిలేస్తే మొదట పోయేది ఇదే, ఎలక్ట్రానిక్స్ షాపులో కొద్ది రూపాయలకు దొరుకుతుంది. దాని మీద రాసిన డిగ్రీలూ ఆంపియర్లూ అవే ఉన్నది తేవాలి. ఎక్కువ డిగ్రీలది వేసినా, తీగతో కలిపేసినా మిషన్‌కున్న చివరి కాపలాను తీసేసినట్టే. కొత్త ఫ్యూజును సోల్డరింగ్ చేస్తే ఆ వేడికే అది పోతుంది, అందుకే క్రింప్ చేసే, అంటే నొక్కి పట్టించే, స్లీవుతో బిగిస్తారు. ఫ్యూజు మార్చాక అది ఎందుకు పోయిందో చూడకపోతే మళ్లీ పోతుంది: థర్మోస్టాట్ పళ్లేనికి గట్టిగా ఆని ఉందా, మధ్యలో తెల్లటి థర్మల్ పేస్టు ఎండిపోయిందా, పళ్లెం మీద పెంకు ఉందా.

వైరు ఎక్కువగా తెగేది మిషన్ నుంచి బయటకొచ్చే చోట. మార్చేటప్పుడు అదే సైజు, 0.75 చదరపు మిల్లీమీటర్లది, హీటర్ రకానికి మూడు కోర్లది వేయండి. లోపల వైరును పట్టి ఉంచే క్లిప్పు తిరిగి బిగించడం మర్చిపోవద్దు. అది లేకపోతే లాగినప్పుడల్లా భారం కనెక్షన్ మీదే పడుతుంది. ఆకుపచ్చ తీగ లోహపు పళ్లేనికి చేరిందని బీప్‌తో చూశాకే అడుగు మూయాలి.

ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే రేకుల మిషన్ కూడా కొంత నిశ్చింతగా వాడుకోవచ్చు. నీళ్లలోంచి మనిషి ద్వారా నేలకు కరెంటు పారితే అది వెంటనే కట్ చేస్తుంది. అది లేని పాత ఇంట్లో, తడి నేల ఉన్న చోట రేకుల మిషన్ వాడకపోవడమే మంచిది.

విదేశం వెళ్లే సూట్‌కేసులో

అమ్మ సర్దిన సామాన్లలో ఆవిరి మిషన్ తరచూ ఉంటుంది. అమెరికా సాకెట్టులో 120 వోల్టులే వస్తాయి కాబట్టి మన 230 వోల్టుల మిషన్ అక్కడ నాలుగో వంతు శక్తితో నడుస్తుంది, నీళ్లు వేడెక్కుతాయి గానీ ఆవిరి రాదు. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజీ మార్చదు. అక్కడి నుంచి తెచ్చిన 120 వోల్టుల మిషన్ ఇక్కడ పెట్టడం ప్రమాదం: మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగి, రేకులదైతే మొదటి నిమిషంలోనే చిమ్ముతుంది, హీటరుదైతే తీగ కాలుతుంది. దానికి తగిన కన్వర్టరు కొనే ఖర్చుతో ఇక్కడే ఇంకో మిషన్ వస్తుంది. గల్ఫ్ విషయంలో దేశాన్ని బట్టి చూసుకోవాలి. యూఏఈలో 230 వోల్టులు కాబట్టి చాలావరకు మన మిషన్ నడుస్తుంది, ప్లగ్గు ఆకారమే వేరు.

అమెరికాలో కొనే పెద్ద వేపరైజర్ ట్యాంకులో నాలుగు లీటర్ల దాకా నీళ్లు పడతాయి. వాటి కరపత్రంలో చెప్పే చిటికెడు ఉప్పు ఆ నాలుగు లీటర్లకు. అదే చిటికెడును చేతి మిషన్‌కు వేసే అలవాటు బహుశా అక్కడి నుంచే మొదలై ఉంటుంది.

ప్లాస్టిక్ కరిగిన గుర్తులున్నా, గిన్నెకు పగులు పడి నీరు అడుగుకు దిగుతున్నా, ప్లగ్గు పిన్ను నల్లబడినా రిపేరు మాట ఎత్తకండి. పారేసేముందు వైరును మిషన్ దగ్గరికంటా కత్తిరించేయండి. చెత్తలోంచి తీసుకెళ్లినవాళ్లు ఇంటికెళ్లి నీళ్లు పోసి ప్లగ్గు పెట్టకుండా ఉంటారు.